మొగ దగ్గరి సైనెకోకాకస్ నదిదా, సముద్రానిదా?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. గౌతమి పాయలో యానాం దిగువ నుంచి మొగ దాకా నీళ్ళు తీసి, కిరణజన్య సంయోగక్రియ చేసే అతి చిన్న బాక్టీరియా అయిన సైనెకోకాకస్ వైవిధ్యం చూడాలనుకుంటున్నారు. దానికి ముందు అమెరికాలో నదులు సముద్రంలో కలిసే పెద్ద అఖాతం చీసాపీక్ బే మీద వచ్చిన పేపర్లు చదివారు. "నదిలోవి కొన్ని, సముద్రంలోవి కొన్ని వచ్చి కలుస్తాయి కాబట్టి అక్కడ వైవిధ్యం ఎక్కువ, అంతే కదా?" అన్నది మొదటి ప్రశ్న. "16ఎస్ జన్యువులో ఇవన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటే, వేర్వేరు రకాలని ఎలా తేలుస్తున్నారు?" అన్నది రెండోది. (16ఎస్ అంటే బాక్టీరియాని గుర్తుపట్టడానికి మామూలుగా చదివే జన్యువు.)

మొదటిదానికి నా జవాబు: అంతే కాదు. కలగలుపు కొంత ఉంటుంది, నిజమే. కానీ ఆ ఉప్పూ చప్పా కలిసిన నీళ్ళలోనే పెరిగే స్థానికులు ఉన్నారు. ఎగువన నదిలోనూ, బయట సముద్రంలోనూ వాళ్ళు పెద్దగా కనపడరు. ఈ సంగతి బయటపడింది 16ఎస్‌ని పక్కనపెట్టి వేరే జన్యువు చూసినప్పుడే. అందుకని రెండో ప్రశ్నతోనే మొదలుపెడతాను.

ఒక్క మాట ముందు. సైనెకోకాకస్ కణం సుమారు ఒక మైక్రాన్ ఉంటుంది. మామూలు మైక్రోస్కోప్ కింద అది ఒక చుక్క, పక్కనున్న వేరే బాక్టీరియాకీ దానికీ తేడా తెలియదు. 1977లో అమెరికాలోని వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన జాన్ వాటర్‌బరీ అరేబియా సముద్రంలో ఓడ మీద ఉండి ఫ్లోరసెన్స్ మైక్రోస్కోప్‌లో నీటి బాక్టీరియాని చూస్తుంటే, ఏ రంగూ వేయకముందే కొన్ని కణాలు నారింజ రంగులో మెరిశాయి. అలా దొరికింది ఇది. 1979లో ప్రచురించారు. మన పడమటి సముద్రంలోనే దొరికిందన్న సంగతి మన పాఠాల్లో ఎందుకు ఉండదో నాకెప్పుడూ అర్థం కాలేదు.

ఇంకా తమాషా ఏమిటంటే, దీని బంధువు ఒకటి అప్పటికి ఇరవై ఏళ్ళుగా గాజు గొట్టంలో పెరుగుతూనే ఉంది. డబ్ల్యూహెచ్5701 అనే స్ట్రెయిన్ (నీటి నుంచి వేరు చేసి ల్యాబ్‌లో పెంచే రకం) పేరు చూడండి. డబ్ల్యూహెచ్ అంటే వుడ్స్ హోల్, 57 అంటే 1957. లాంగ్ ఐలాండ్ సౌండ్ తీరపు నీటి నుంచి తీసింది. అంటే తీరప్రాంతపు రకం ముందే చేతిలో ఉంది, కానీ సముద్రం నిండా వీటి బంధువులే ఉన్నాయని ఎవరూ ఊహించలేదు. ఈ 5701 సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు 16ఎస్. ఊళ్ళో నలభై గడపలకి ఒకే ఇంటిపేరు ఉంటే, ఇంటిపేరు రాసుకుని వచ్చి "ఈ ఊళ్ళో ఒకటే కుటుంబం ఉంది" అని చెప్పినట్టుంటుంది 16ఎస్ మాత్రమే చూస్తే. సముద్రపు సైనెకోకాకస్, దాని తమ్ముడు ప్రోక్లోరోకాకస్ రెండింటినీ కలిపి చూసినా 16ఎస్‌లో తేడా కొద్ది శాతమే. 97 శాతం పోలిక దగ్గర గీత గీసి గుంపులు కట్టే పాత పద్ధతి వాడితే, వేర్వేరు ఉష్ణోగ్రతల్లో, వేర్వేరు వెలుతురులో బతికేవన్నీ ఒకే గుంపులో పడిపోతాయి. జినోమ్ మొత్తం తీసి పోలిస్తే మాత్రం అవి ఒకదానికొకటి బాగా దూరం. 16ఎస్ చాలా నెమ్మదిగా మారే జన్యువు, ఈ గుంపేమో చాలా వేగంగా విడిపోయిన గుంపు. అందుకే ఈ తంటా.

డేటాబేస్ పేర్లు ఇంకో తలనొప్పి. మీ రిజల్టు వచ్చాక టాక్సానమీ టేబుల్‌లో, అంటే ఏ సీక్వెన్సు ఏ జీవిదో చెప్పే పట్టికలో, సగం "సయానోబియం పీసీసీ-6307" అనీ, ఇంకో సగం "సైనెకోకాకస్ సీసీ9902" అనీ కనపడే అవకాశం ఎక్కువ. సిల్వా డేటాబేస్ వాడితే దాదాపు ఇలాగే వస్తుంది. అది చూసి "సయానోబియం అంటే మంచినీటిది, కాబట్టి నదిలోంచి కొట్టుకొచ్చింది" అని రాసేయకండి. ఆ పేరు కింద మంచినీటివీ, ఎస్ట్యురీలోనే, అంటే నదీ సముద్రం కలిసే చోటే, ఉండే స్థానికులూ కలిసి పడతాయి. నేను చూసిన థీసిస్‌ల్లో ఈ ఒక్క పొరపాటు మీదే ఒక అధ్యాయం మొత్తం కట్టినవి ఉన్నాయి. పేరు డేటాబేస్ పెట్టింది, కణం పెట్టుకున్నది కాదు. ఆ సీక్వెన్సులని మీరే తీసుకుని, తెలిసిన స్ట్రెయిన్లతో కలిపి వంశవృక్షం గీస్తే తప్ప అవి ఎవరివో తెలియదు.

"సైనెకోకాకస్" అన్న మాట కూడా అంతే, ఒక వంశం పేరు కాదు. ప్రయోగశాలల్లో అందరూ పెంచే మంచినీటి సైనెకోకాకస్ ఎలాంగేటస్‌కీ సముద్రపు సైనెకోకాకస్‌కీ చాలా దూరం. ఎంత దూరమంటే, కార్బన్ డయాక్సైడ్‌ని పట్టుకునే రుబిస్కో ఎంజైమ్ కూడా వేరే రూపం. ఎలాంగేటస్‌లో ఉండేది 1బి రూపం, మన వరి ఆకులో ఉన్నదీ అదే. సముద్రపు రకాల్లో ఉండేది 1ఎ రూపం. గుండ్రంగానో కోలగానో చిన్నగా కనపడితే చాలు, పాతరోజుల్లో ఈ పేరు తగిలించేశారు.

ఈ రుబిస్కోయే చీసాపీక్‌లో పనికొచ్చింది. దాని పెద్ద భాగాన్ని రాసే జన్యువు ఆర్‌బీసీఎల్. ఒక్కో కణంలో ఒకటే కాపీ, 16ఎస్ కన్నా వేగంగా మారుతుంది. బాల్టిమోర్‌లో మేరీలాండ్ యూనివర్సిటీ వాళ్ళ సముద్ర బయోటెక్నాలజీ కేంద్రంలో ఫెంగ్ చెన్ బృందం ఈ జన్యువుతో బే నీటిని చదివి 2004లో ప్రచురించింది. బయటి మహాసముద్రంలో దొరికే గుంపులతో చాలా సీక్వెన్సులు కలవలేదు. వాటికవే వేరే కొమ్మలుగా నిలబడ్డాయి. అదే బృందం బాల్టిమోర్ ఇన్నర్ హార్బర్ నీటి నుంచి సీబీ0101 అనే స్ట్రెయిన్‌ని వేరు చేసి పెంచింది. పడవలు నిలిపే రేవు నీళ్ళలోంచి అన్నమాట, ఏ పవిత్ర సాగరంలోంచో కాదు. అది ఏ కొమ్మ మీద కూర్చుందంటే, ఇందాకటి 5701 ఉన్న కొమ్మ మీద. ఇప్పుడు దాన్ని సబ్‌క్లస్టర్ 5.2 అంటున్నారు. మహాసముద్రపు సైనెకోకాకస్‌లో ఎక్కువ భాగం 5.1.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్నకి వద్దాం. బే గురించి కొంచెం తెలియాలి. పొడవు సుమారు 320 కిలోమీటర్లు, సగటు లోతు ఆరున్నర మీటర్లు కూడా ఉండదు. వచ్చే మంచినీటిలో దాదాపు సగం ఒక్క సస్క్వెహానా నదిదే. ఉత్తరాన ఉప్పు సున్నా, దక్షిణాన అట్లాంటిక్ వైపు వెళ్ళేకొద్దీ సముద్రపు ఉప్పుకి దగ్గరవుతుంది. వచ్చిన నీరు బయటికి పోవడానికి నెలలు పడుతుంది. వేసవిలో నీరు 28 డిగ్రీలు దాటుతుంది, చలికాలంలో కొన్ని చోట్ల గడ్డకట్టే దాకా పోతుంది. వేసవిలో సైనెకోకాకస్ మిల్లీలీటరుకి పది లక్షల కణాల దాకా చేరుతుంది. అంటే ఒక్క నీటిబొట్టులో యాభై వేలు. చలికాలానికి ఆ లెక్క బాగా పడిపోతుంది.

నీరు నెలల తరబడి నిలుస్తుందంటే దాని అర్థం ఏమిటి? వేసవిలో రోజుకి ఒకసారి రెండుగా చీలగలిగే కణానికి అది బ్రహ్మాండమైన తీరిక. కొట్టుకుపోయే లోపల పదుల కొద్దీ తరాలు అక్కడే పుట్టి పెరుగుతాయి. అక్కడి ఉప్పుకీ, అక్కడి వెలుతురుకీ, అక్కడి శత్రువులకీ సరిపోయేవి మిగులుతాయి, సరిపోనివి పోతాయి. రైలు స్టేషన్లో జనాన్ని చూసి "ఈ ఊరి వాళ్ళు" అనకూడదు, సరే. కానీ జనం ఆరు నెలలు స్టేషన్లోనే కాపురం పెడితే అది ఊరే అవుతుంది.

ఉప్పు సంగతి మీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. బయట ఉప్పు పెరిగితే కణం లోపలి నీటిని లాగేయకుండా ఏదో ఒక కరిగే పదార్థాన్ని పోగుచేసుకోవాలి. ఉప్పు తట్టుకోలేని మంచినీటి రకాలు సుక్రోజ్‌తో, అంటే మన పంచదారతోనే, నెట్టుకొస్తాయి. ఓ మాదిరి ఉప్పుని తట్టుకునేవి గ్లూకోసిల్‌గ్లిసరాల్ తయారుచేస్తాయి. 5.2 రకాలు తక్కువ ఉప్పులోనూ ఎక్కువ ఉప్పులోనూ పెరుగుతాయి. నడిసముద్రపు రకాలకి ఆ వెసులుబాటు లేదు. ప్రోక్లోరోకాకస్ అయితే ఇటు రానే రాదు.

కానీ నన్ను అడిగితే, ఎస్ట్యురీలో ఉప్పు కన్నా ఆసక్తికరమైంది వెలుతురు రంగు. అందరూ ఉప్పు కొలుస్తారు, వెలుతురు ఎవరూ కొలవరు.

సైనెకోకాకస్‌లో రెండు ప్రధానమైన రంగు పదార్థాలున్నాయి. ఫైకోఎరిత్రిన్ ఎక్కువ ఉన్నవి పచ్చటి, నీలపు వెలుతురుని పట్టుకుంటాయి. వాటిని ఫ్లాస్కులో పెంచితే గులాబీ, ఎరుపు రంగులో కనిపిస్తాయి. ఫైకోసయనిన్ మాత్రమే ఉన్నవి నారింజ, ఎరుపు వెలుతురుని పట్టుకుంటాయి. ఫ్లాస్కులో అవి ఆకుపచ్చగా ఉంటాయి. స్వచ్ఛమైన సముద్రంలో లోతుకి దిగేది నీలి వెలుతురు, ఎరుపుని నీరే మింగేస్తుంది. కానీ మట్టీ, కుళ్ళిన ఆకుల రసం కలిసిన నీళ్ళలో ముందుగా పోయేది నీలం. మిగిలేది పసుపు, ఎరుపు వైపు వెలుతురు, అదీ కొద్ది లోతు వరకే. కాబట్టి బురదనీటిలో ఆకుపచ్చ రకాలది పైచేయి, తేటనీటిలో ఎర్ర రకాలది. మధ్యరకం నీటిలో రెండూ పక్కపక్కనే బతుకుతాయి. ఇది ఊహ కాదు. నెదర్లాండ్స్‌లో మాయ్‌కే స్టాంప్, యెఫ్ హుయిస్మన్ వాళ్ళ బృందం బాల్టిక్ సముద్రం నుంచి తీసిన ఒక ఎర్ర రకాన్నీ ఒక ఆకుపచ్చ రకాన్నీ ఒకే పాత్రలో పెంచి చూశారు. పచ్చటి వెలుతురులో ఎర్రది గెలిచింది, ఎర్రటి వెలుతురులో పచ్చది గెలిచింది, తెల్లటి వెలుతురులో రెండూ సర్దుకుని బతికాయి. 2004లో వచ్చింది ఆ పని. సీబీ0101 ఫైకోసయనిన్ రకమేనని వేరే చెప్పక్కర్లేదనుకుంటాను.

ఇక్కడ నా సొంత తప్పు ఒకటి చెప్పాలి, మీకు ఏడాది మిగులుతుంది. పరిశోధనలో కొత్తగా ఉన్నప్పుడు ఎస్ట్యురీ నమూనాలు పట్టుకుని ఒక ల్యాబ్‌లో ఫ్లో సైటోమీటర్ (కణాలని ఒక్కొక్కటిగా లేజర్ ముందు పోనిచ్చి లెక్కపెట్టే యంత్రం) దగ్గర కూర్చున్నాను. దానికి 488 నానోమీటర్ల నీలి లేజర్ ఒకటే ఉంది. నీలి లేజర్ ఫైకోఎరిత్రిన్‌ని చక్కగా మెరిపిస్తుంది, ఫైకోసయనిన్‌ని దాదాపు పట్టించుకోదు. దాంతో మొగ దగ్గర బోలెడు సైనెకోకాకస్, ఎగువన దాదాపు సున్నా అని గ్రాఫ్ వచ్చింది. ఎంత అందంగా ఉందో! ఉప్పు పెరిగేకొద్దీ సైనెకోకాకస్ పెరుగుతుందని పోస్టర్ కూడా వేశాను. ఆ తర్వాత ఎవరో పెద్దాయన ఎర్ర లేజర్ ఉన్న యంత్రంలో పెట్టి చూడమన్నారు. ఎగువన ఉన్నవన్నీ అప్పుడు కనపడ్డాయి, కుప్పలుతెప్పలుగా. నేను లెక్కపెట్టింది సైనెకోకాకస్‌ని కాదు, నా లేజర్‌కి కనపడే సైనెకోకాకస్‌ని. మీరు వాడబోయే యంత్రానికి 635 లేదా 640 నానోమీటర్ల లేజర్ ఉందో లేదో నమూనా తీయకముందే అడగండి. లేకపోతే మైక్రోస్కోప్‌లో రెండు ఫిల్టర్ సెట్లు వాడి చేత్తో లెక్కపెట్టినా నయమే. మెడ నొప్పి వస్తుంది, అబద్ధం రాదు.

రంగు జన్యువుల గురించి ఒక హెచ్చరిక. రంగుని బట్టి వంశం చెప్పేద్దామని చాలామందికి అనిపిస్తుంది. కుదరదు. వెలుతురు పట్టే యాంటెన్నా జన్యువులు జినోమ్‌లో ఒకే చోట గుత్తిగా ఉంటాయి, ఆ గుత్తి ఒక వంశం నుంచి ఇంకో వంశానికి చేతులు మారిన దాఖలాలున్నాయి. దగ్గరి బంధువులు వేర్వేరు రంగుల్లో ఉండొచ్చు, దూరపువి ఒకే రంగులో ఉండొచ్చు. ఫైకోసయనిన్ జన్యువైన సీపీసీబీఏ చదివితే "ఈ నీటి వెలుతురుకి ఎవరు సరిపోయారు" అన్నది తెలుస్తుంది, "ఎవరి పిల్లలు" అన్నది తెలియదు. రెండో దానికి ఆర్‌బీసీఎల్ గానీ, కిరణజన్య సంయోగక్రియలో పనిచేసే ఒక ప్రొటీన్ జన్యువైన పెట్‌బీ గానీ, 16ఎస్‌కీ 23ఎస్‌కీ మధ్యలో ఉండే ఐటీఎస్ భాగం గానీ చూడాలి. మీకు డబ్బు ఒక్కదానికే ఉంటే పెట్‌బీ వైపే నా ఓటు. పోల్చుకోవడానికి సముద్రపు సీక్వెన్సులు బాగా ఉన్నాయి, ఒకటే కాపీ, విడదీసే శక్తి ఎక్కువ. చీసాపీక్‌తో నేరుగా పోల్చాలంటే మాత్రం ఆర్‌బీసీఎల్. అయితే ఆర్‌బీసీఎల్ ప్రైమర్లు (ఆ జన్యువుని పట్టి కాపీలు తీయడానికి వాడే చిన్న డీఎన్ఏ ముక్కలు) 1ఎ రూపానికి చేసినవైతే ఎలాంగేటస్ రకం మంచినీటివి కనపడవని గుర్తుంచుకోండి. కనపడలేదు కాబట్టి నదిలో లేవని రాస్తే మళ్ళీ నా లేజర్ కథే.

ఇక కాలం. ఈ విషయంలో చీసాపీక్ పని నాకు చాలా ఇష్టం. చలికాలంలో సైనెకోకాకస్ తగ్గిపోతుందంటే, వేసవివే కొన్ని మిగిలి వణుకుతూ ఉంటాయని అందరం అనుకునేవాళ్ళం. 2010లో అదే బృందం చలికాలపు నీటినీ వేసవి నీటినీ పోల్చి చూపించింది: చలికాలంలో ఉన్నవి వేరే వాళ్ళు. తర్వాత 2015లో చలినీటి నుంచి స్ట్రెయిన్లు వేరు చేసి పెంచారు. అవి 4 డిగ్రీల చలిని కూడా తట్టుకుంటాయి. అంటే అదే బే, అదే ఉప్పు, అదే పేరు. కానీ జనవరిలో ఒక జనం, జూలైలో ఇంకో జనం. వేసవిలో మాత్రమే నీళ్ళు తీసినవాళ్ళకి సగం వైవిధ్యం కనపడనే కనపడదు. వైవిధ్యం నది వైపు నుంచి సముద్రం వైపుకి మాత్రమే పరుచుకుని లేదు, క్యాలెండర్ మీద కూడా పరుచుకుని ఉంది.

మరి వేసవి రకాలు చలికాలంలో ఏమైపోతాయి? పూర్తిగా పోతే వచ్చే ఏడు విత్తనం ఎక్కడిది? సీబీ0101 జినోమ్‌లో టాక్సిన్-యాంటీటాక్సిన్ అనే జంట జన్యువులు చాలా ఉన్నాయని తేలింది. నడిసముద్రపు బంధువుల్లో ఇవి అంతగా ఉండవు. ఒకటి ఎదుగుదలకి బ్రేకు వేస్తుంది, రెండోది ఆ బ్రేకు పడకుండా ఆపుతుంది. కష్టకాలం వస్తే బ్రేకు పడి కణం చావకుండా ఆగిపోతుందన్నది ఒక ప్రతిపాదన. రోజూ ఉప్పు మారే చోట, ఏటా చలికి నీరు గడ్డకట్టే దాకా పోయే చోట ఇలాంటి ఏర్పాటు ఉంటే పనికొస్తుంది మరి. నాకు నమ్మబుద్ధేస్తుంది, కానీ నమ్మబుద్ధేయడం వేరు, బే నీటిలో జరుగుతుందని చూపించడం వేరు.

వైరస్‌ల గురించి చెప్పకపోతే ఈ జవాబు సగమే. సైనెకోకాకస్‌ని తినే వైరస్‌లు, అంటే సయానోఫేజ్‌లు, ఈ నీళ్ళలో విపరీతం. వాటిలో కొన్ని కిరణజన్య సంయోగక్రియకి కావలసిన పీఎస్‌బీఏ జన్యువుని తమ జినోమ్‌లోనే మోసుకు తిరుగుతాయి. 2003లో ఇది మొదట బయటపడింది. చచ్చేదాకా కణం చేత పని చేయించుకోవడానికి అన్నమాట. కూలివాడికి చివరి పూట అన్నం పెట్టినట్టు. వైవిధ్యానికీ దీనికీ సంబంధం ఏమిటంటే, ఏ రకం బాగా పెరిగి సంఖ్యలో పైకొస్తుందో దాన్ని తినే ఫేజ్‌కి అదే విందు. పైకొచ్చినవాడే ముందు పడతాడు. అందుకని ఒక్క రకం మొత్తం బేని ఆక్రమించలేదు. ఫేజ్ నుంచి తప్పించుకునే మార్పులు చాలావరకు కణం పైపొర జన్యువుల్లో, జినోమ్‌లో త్వరగా మారే కొన్ని ప్రాంతాల్లో వస్తాయి. ప్రోక్లోరోకాకస్ మీద ఇజ్రాయెల్‌లో చేసిన పని ఇది బాగా చూపించింది. ఆ మార్పులు ఆర్‌బీసీఎల్‌లో కనపడవు, 16ఎస్‌లో అసలే కనపడవు. ఆర్‌బీసీఎల్ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉన్న రెండు కణాల్లో ఒకటి చచ్చి ఒకటి బతకొచ్చు. మీరు ఏ జన్యువు చదివినా దాని కింద ఇంకో అంతస్తు ఉంటుంది.

ఇక అసలు ప్రశ్న. మీ గౌతమి నమూనాల్లో ఏది స్థానికం, ఏది కొట్టుకొచ్చింది అని ఎలా తేలుస్తారు? ఎస్ట్యురీ మీద పనిచేసే రసాయన శాస్త్రవేత్తల పాత చిట్కా ఒకటుంది, మన జీవశాస్త్రం వాళ్ళం సరిగా వాడుకోం. అడ్డంగా ఉప్పు, నిలువుగా మీకు కావలసిన రకం కణాల సంఖ్య పెట్టి గ్రాఫ్ గీయండి. ఉత్త కలగలుపే అయితే, నది కొసనీ సముద్రం కొసనీ కలిపే సరళరేఖ మీద చుక్కలు పడతాయి. లెక్కకి చెబుతున్నాను: ఉప్పు (లీటరుకి గ్రాముల్లో) సున్నా దగ్గర మిల్లీలీటరుకి పదివేలు, ముప్ఫై దగ్గర యాభై వేలు ఉన్నాయనుకోండి. పదిహేను దగ్గర ముప్ఫై వేలు రావాలి. అక్కడ మూడు లక్షలు వస్తే? ఆ మిగతావి ఏ కొస నుంచీ రాలేదు, అక్కడే పుట్టాయి. మధ్యలో మూపురం లేస్తే స్థానికులు, గుంట పడితే చస్తున్నారో, తినేస్తున్నారో, లేక రెండు కొసలవాళ్ళకీ ఆ నీళ్ళు పడలేదో.

దీన్ని మొత్తం సైనెకోకాకస్‌కి గీయొద్దు, ఒక్కో రకానికీ విడిగా గీయండి. మొత్తానికి గీస్తే ఒకదాని మూపురం ఇంకోదాని గుంటలో కలిసిపోయి తిన్నని గీత వచ్చి మిమ్మల్ని ఏమారుస్తుంది. సీక్వెన్సింగ్ ఇచ్చేది శాతాలే కాబట్టి, సైటోమీటర్ లెక్కతో గుణించి అసలు సంఖ్యలుగా మార్చాకే గీయాలి. నమూనాలన్నీ ఒకే పోటులోనో ఒకే పాటులోనో తీయాలి. పొద్దున పోటులో ఒకటి, మధ్యాహ్నం పాటులో ఒకటి తీస్తే గ్రాఫ్ కాదు, ముగ్గు వస్తుంది.

గోదావరికీ చీసాపీక్‌కీ ఒక పెద్ద తేడా ఉంది, మీ ప్రాజెక్టుకి ఇదే ప్రాణం. అక్కడ నీరు ఏడాది పొడవునా నెమ్మదిగా కదులుతుంది. ఇక్కడ వానాకాలంలో ధవళేశ్వరం గేట్లు ఎత్తితే పాయ మొత్తం మంచినీరే, అదీ ఎర్రనీరు. ఎండాకాలంలో పైనుంచి దాదాపు ఏమీ రాదు, ఉప్పునీరు ఎగదన్నుకుంటూ లోపలికి వస్తుంది. రోజుకోసారి చీలే కణాన్ని ప్రోటోజోవాలు తింటూ, ఫేజ్‌లు చంపుతూ ఉంటాయి, పైగా నీరు రెండు మూడు రోజుల్లోనే మారిపోతూ ఉంటే అది నిలదొక్కుకోవడం కష్టం. వరదలో పాయలో దొరికేవి చాలావరకు బాటసారులే అయి ఉంటాయని నా అంచనా. అంటే "నదివీ సముద్రంవీ కలిసినవే" అన్న మీ మాట వరద నెలల్లో నిజం కావచ్చు. ఎండాకాలంలో కాకపోవచ్చు. అందుకే ఒకసారి తీసిన నమూనాతో గోదావరి గురించి ఏ మాటా అనకండి.

అప్పుడు స్థానికులు వరదలో ఎక్కడ తలదాచుకుంటారు? నేనైతే ముందు కోరింగ మడ అడవుల ఉప్పుటేర్లలో వెతుకుతాను, తర్వాత కాకినాడ బేలో. పాయ ఊడ్చుకుపోయినంతగా అవి ఊడ్చుకుపోవు. రొయ్యల చెరువులు కూడా చూడాలి. చెరువులోకి నీరు ఏరు నుంచే తోడతారు, పంట అయ్యాక ఏరులోకే వదులుతారు. నాలుగు నెలలు ఎరువూ మేతా పడిన నిలవ నీరు, మన కణాలకి ఇంతకన్నా ఏం కావాలి? చెరువుల దగ్గర "బ్లూ గ్రీన్ వచ్చింది" అని రైతు కంగారు పడేది ఎక్కువగా పైకి తేలి తెట్టుకట్టే వేరే జాతుల గురించి. మనవి తెట్టు కట్టవు, నీటి రంగులో కలిసిపోయి ఉంటాయి. ఆయన దగ్గర నీళ్ళు అడిగేటప్పుడు ఈ తేడా చెప్పండి, లేకపోతే చెరువులో ఏదో ముంచుకొచ్చిందని టెన్షన్ పడిపోతారు.

పని మొదలుపెట్టే ముందు చిన్న విషయాలు కొన్ని. 0.45 మైక్రాన్ ఫిల్టర్ ల్యాబ్‌లో ఉంది కదా అని అదే వాడకండి, 0.2 వాడండి. అంతకుముందు 3 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకడితే డయాటమ్‌లు ఆగిపోతాయి. కానీ ఎర్రనీటిలో మట్టి రేణువులకి అంటుకున్న సైనెకోకాకస్ కూడా ఆ 3 మైక్రాన్ దగ్గరే ఆగిపోతుంది కాబట్టి ఆ ఫిల్టర్‌ని పారేయకుండా దాని డీఎన్ఏ కూడా తీయండి. ఎర్రనీటి రోజుల్లో ఫిల్టర్ పావు లీటరుకే మూసుకుపోతుంది. ఒక్కో చోటుకి మూడు నాలుగు ఫిల్టర్లు ఎక్కువే పట్టుకెళ్ళండి. సెకీ పళ్ళెం మర్చిపోవద్దు. వెలుతురు రంగు కొలిచే పరికరం దొరక్కపోయినా, ఎంత లోతులో ఆ పళ్ళెం కనపడకుండా పోయిందో రాసిపెట్టుకుంటే ఆకుపచ్చ రకాలూ ఎర్ర రకాలూ ఎక్కడ మారాయో తర్వాత పోల్చి చూసుకోవచ్చు.

ప్రతిచోటా ఓ యాభై మిల్లీలీటర్లు వడకట్టకుండా సీసాలో ఉంచి, సముద్రపు ఉప్పులో సగం ఉప్పుతో ఎస్ఎన్ మాధ్యమం (సైనెకోకాకస్‌ని పెంచడానికి వాడే పోషక ద్రావణం) కలిపి, కిటికీకి దూరంగా మసక వెలుతురులో పెట్టండి. ఎండలో పెడితే చస్తాయి. రెండు మూడు వారాలు ఏమీ కనపడకపోయినా పారబోయకండి. ఒక రోజు పొద్దున చూస్తే కొన్ని సీసాలు లేత పచ్చగానూ, కొన్ని లేత గులాబీగానూ తిరిగి ఉంటాయి. ఏ సీసా ఏ చోటిదో లేబుల్ పెన్సిల్‌తో రాయండి, పెన్నుతో రాస్తే తడికి చెరిగిపోతుంది. మొదటి విడత మే నెలలో, వరద రాకముందే తీసేయండి. రెండోది ఆగస్టులో.